కబురు ఆగిన చోట మనం మాట్లాడాలి

పిడుగురాళ్ల ప్రజలారా, అలజడి రేగినప్పుడు అధికారులు కబురు అందకుండా ఆపేయడం మన మంచికేనని ఎవరైనా అంటే వెంటనే తలూపకండి. పొరుగున ఉన్న శ్రీలంకలో ఆ మాట ఎంతటి అన్యాయాన్ని కప్పిపెట్టిందో తెలుసుకోండి.

1915 మే చివర్లో అక్కడ సింహళులు ముస్లింలపై దాడులకు దిగారు. ప్రాణాలు పోయాయి, దుకాణాలు కాలిపోయాయి. ఆ మంట ఆర్పాల్సిందే. అయితే మంట కొద్దిరోజుల్లోనే ఆరినా, బ్రిటిష్ గవర్నర్ రాబర్ట్ చామర్స్ జూన్ 2న పెట్టిన సైనిక పాలన ఆగస్టు చివరిదాకా సాగింది. ఉత్తరాలకు, టెలిగ్రాములకు సెన్సారు కాపలా. ఆ మాటునే హెన్రీ పెద్రిస్ అనే యువకుణ్ణి సైనిక న్యాయస్థానంలో విచారించి జూలై 7న కాల్చి చంపారు. ఈ అన్యాయాలపై లండన్‌లో మొరపెట్టుకోవడానికి వెళ్లిన న్యాయవాది ఇ.డబ్ల్యు. పెరేరా రహస్య పత్రాన్ని బూటు అడుగున దాచి తీసుకుపోవాల్సి వచ్చింది.

మన దేశంలోనూ 1885 టెలిగ్రాఫ్ చట్టం అధికారులకు టెలిగ్రాములను ఆపే హక్కు ఇచ్చింది. 2013లో టెలిగ్రాం పోయింది, ఆ హక్కు మాత్రం మిగిలింది. 2022 మేలో కోనసీమ జిల్లా పేరు మార్పుపై అమలాపురంలో ఇళ్లు తగలబెట్టినప్పుడు, ఏ తప్పూ చేయని వాళ్లకు కూడా రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు.

పుకారు ప్రాణాలు తీస్తుంది, కాదనను. కానీ నిజం అందని చోటే పుకారు బలుస్తుంది. అంతకన్నా నన్ను బాధపెట్టేది మన మౌనం. పార్టీలుగా, వర్గాలుగా చీలిన పల్నాడులో, ఎదుటి వర్గం గొంతు నొక్కితే మనకు లోలోపల సంతోషం. రేపు అదే చెయ్యి మన గొంతు మీదికి వస్తుంది.

ఇంటర్నెట్‌ను నిరవధికంగా ఆపడం చెల్లదని, ఆపే ఉత్తర్వులను ప్రచురించాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి అడుగుదాం: ఉత్తర్వు ఏది? కారణమేమిటి? ఎన్నాళ్లు? మన వాళ్ల కోసం అడిగినంత గట్టిగా, మనకు ఓటెయ్యని వీధి కోసం, సున్నపు బట్టీల్లో పనిచేసే కూలీల కోసం అడుగుదాం. రుజువు లేని మాటను మన ఫోన్ నుంచి ముందుకు పంపకుండా ఉందాం. ఈ రెండూ చేసిన నాడే కబురు ఆపొద్దని అడిగే అర్హత మనకు ఉంటుంది.