చిన్న సిలిండరు - చట్టం - కూలివాని పొయ్యి

ఢిల్లీలో వలస కూలీలు నివసించే ఏ బస్తీకి వెళ్లినా, ఇరుకు గదిలో ఒక మూల మోకాలెత్తు లేని గ్యాసు సిలిండరు, దాని తలపైనే బిగించిన పొయ్యి కనిపిస్తాయి. మధ్యతరగతి ఇళ్లలో సైతం, పెద్ద సిలిండరు హఠాత్తుగా అయిపోతే ఆదుకొనడానికి ఇటువంటిది ఒకటి దాచి ఉంచుతారు. ఖాళీ అయినప్పుడల్లా సందు చివరి దుకాణంలో కిలోల లెక్కన నింపించుకుంటారు. దుకాణదారు 14.2 కిలోల గృహ సిలిండరును తలక్రిందులు చేసి గొట్టం ద్వారా గ్యాసును చిన్నదానిలోకి దింపుతాడు. మన ఇంటికి తక్కువ తూకంతో వచ్చే సిలిండరుకూ ఈ వ్యాపారానికీ సంబంధం లేకపోలేదు.

ఇది నేరం. నిషేధం నిష్కారణమూ కాదు. ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమమైన వంటగ్యాసు సిలిండరులో ద్రవరూపంలో ఉండి, వేడికి వ్యాకోచిస్తుంది. అందుకే బాట్లింగు ప్లాంటులో తూకం ప్రకారం నింపి, పైన కొంత చోటు విడిచిపెడతారు. సందులోని దుకాణానికి ఆ కొలత లేదు. నిండుగా నింపిన సిలిండరు వేడి తగిలితే పగలవచ్చు. కారిన గ్యాసు గాలికన్న బరువైనది కనుక నేలబారున వ్యాపించి, నిప్పురవ్వ దొరికిన చోట అంటుకుంటుంది. చమురు సంస్థల సిలిండరుపై తదుపరి పరీక్ష గడువు రాసి ఉంటుంది. బజారులో దొరికే అనధికార సిలిండరుకు ఆ పూచీ లేదు.

అయితే ఈ నేరానికి పేదవాని అజ్ఞానమొక్కటే కారణమనడం న్యాయం కాదు. చిరునామా రుజువు అడగకుండా పెట్రోలు బంకులలో 5 కిలోల సిలిండరు అమ్మే ఏర్పాటు 2013లో ఆరంభమైంది. మంచి పనే, కాని కిలో లెక్కన అది గృహ సిలిండరుకన్న ప్రియం. 2021లో ఉజ్జ్వల రెండవ దశ వలస కుటుంబాలకు స్వీయ ప్రకటన చాలునన్నది. అయితే ఆ కనెక్షను పేద కుటుంబంలోని మహిళ పేరిట ఇచ్చేది. బీహారు నుంచి ఒంటరిగా వచ్చిన కూలీకి, హైదరాబాదులో అద్దె గదిలో చదువుకొనే కుర్రవానికి అది అందదు. కూలి డబ్బు చేతికందిన సాయంత్రం ఒక కిలో కొనగలవానికి ఐదు కిలోల వెల ఒక్కసారిగా చెల్లించడం భారమే.

అత్యవసరానికి ఇంట్లో ఇంధనం నిల్వ ఉంచుకొనడం దూరదృష్టి. అది సీలు వేసిన సిలిండరైతేనే క్షేమం. చిన్న సిలిండరు కిలో ధర గృహ సిలిండరు ధరను మించకుండా చూడడం ప్రభుత్వ విధి. చౌకధరల దుకాణాలలో దానిని అమ్మించాలన్న ఆలోచన కేంద్రం 2021లోనే చేసింది. ఆ ఆలోచన ప్రతి బస్తీలోనూ ఆచరణగా కనిపించాలి.

పార్లమెంటులో వంటగ్యాసు చర్చ సాధారణంగా ధర, సబ్సిడీ, కనెక్షన్ల సంఖ్యల చుట్టూనే తిరుగుతుంది. ఈ చిన్న సిలిండరు ఆ లెక్కలలోకి రావలసి ఉన్నది. దాడి చేసి ఒక దుకాణాన్ని మూయించినంత మాత్రాన ఆ సాయంత్రం కూలివాని ఆకలి ఆగదు. అతడు ఖాళీ సిలిండరుతో ప్రక్క సందుకు వెళ్తాడు.