కనరు నూనెయు ఘనామ్లమును

కానుగ గింజలు సేకరించి యమ్ము మన సభ్యులకును, తవుడు విక్రయించు బియ్యపు మరల సంఘములకును కొనువారు తరచుగ చెప్పుమాట యొకటి కలదు: "నూనెలో ఆమ్లము హెచ్చు, ధర తగ్గించవలసినదే." ఈ మాట తరచు నిజమే. కాని ఆమ్లమెంతయో కొలుచు సాధనము కొనువాని యొద్దనే యున్నంతకాలము కోత న్యాయమో కాదో మనకు తెలియదు. అట్టి నూనెనుండియు జీవడీజిలు చేయగల ఘనామ్ల ఉత్ప్రేరకములను గూర్చి పలువురు ప్రశ్నించుచున్నారు గనుక, మన సంఘములు చేయదగినది, చేయరానిది నాకు తోచినంతవరకు విన్నవించుచున్నాను.

నూనె యనగా గ్లిసరినుతో కొవ్వు ఆమ్లములు మూడేసి కూడియుండు పదార్థము. గింజ తేమదగిలినను, చిరకాలము నిలువయున్నను ఆ కూటమి విడి ఆమ్లములు వేరగును. మరలో తవుడు వేరుపడిన గడియనుండియే అందలి లైపేజు అను ఎంజైము ఈ పని ప్రారంభించును. మంచి నూనెను మెథనాలుతో కలిపి, కాస్టిక్ సోడా వంటి క్షారమును కొలదిగ చేర్చి వేడిచేసినచో, 100 కిలోల నూనెకు సుమారు 11 కిలోల మెథనాలు వ్యయమై, సుమారు 100 కిలోల జీవడీజిలును, 10 కిలోల గ్లిసరినును లభించును. విడి ఆమ్లము నూటికి ఒకటి రెండు పాళ్లకు మించినచో క్షారము దానితో గూడి సబ్బగును. అప్పుడు డీజిలును గ్లిసరినును వేరుపడక సరకు చెడును. ధరలో కోతకు మూలమిదియే.

గంధకికామ్లము వాడినచో ఈ చిక్కు లేదు. అది విడి ఆమ్లములను సైతము మెథనాలుతో గూర్చి డీజిలుగ మార్చును. కాని పాత్రలను తినివేయును; కడిగిన నీటిని శుద్ధిచేయక కాలువలోనికి వదలరాదు. ఘనామ్లమునందు ఆమ్లగుణము గట్టి పలుకులకే అంటియుండును. పని ముగిసినపిదప వానిని వడపోసి మరల వాడవచ్చును. ఇట్టివి పెక్కు రకములు గలవు. పంచదారను మాడ్చి, ఆ బొగ్గును గంధకికామ్లముతో సంస్కరించి చేసిన ఉత్ప్రేరకమును 2005లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థవారు 2009లో గ్లిసరినునుండియే అట్టి బొగ్గును చేసి చూపిరి. డీజిలు చేయగ మిగిలిన పదార్థమే డీజిలు చేయుటకు సాధనమగుట మనవంటివారికి ఆశాజనకము.

అయినను దీని లోపములను గూడ చెప్పవలయును. 100 కిలోల ఒలియికామ్లము డీజిలుగ మారునప్పుడు సుమారు 6 కిలోల నీరు పుట్టును. ఆ నీరు తొలగనిచో పని నడుమనే కుంటుపడును. పెక్కు ఘనామ్లములకు వేడిమియు, మెథనాలును, కాలమును హెచ్చుగ కావలయును. వాడిన కొలది ఆమ్లగుణము కరిగి జారిపోవుటయు గలదు. కావున "ఎన్నిమార్లయినను వాడవచ్చు" నను వర్తకుని మాట నమ్మక, ఎన్నిమార్లో, ఎంత ఆమ్లముగల నూనెతోనో వ్రాతమూలముగ అడుగవలయును.

ఉత్సాహమువలన నష్టపోయిన చరిత్రయు మన కన్నులయెదుటనే యున్నది. 2009 నాటి జాతీయ జీవ ఇంధన విధానము 2017 నాటికి డీజిలులో నూటికి 20 పాళ్లు కలుపవలెనని తలపెట్టెను. 2018 నాటి విధానము 2030 నాటికి 5 పాళ్లు మాత్రమే గురిగ నిర్ణయించెను. ఈ నడుమ అడవియాముదము నాటిన కర్షకులు పలువురు ఆశించిన దిగుబడి గానలేదు. ఉన్న చెట్లను నమ్ముకొన్నవారి దారి వేరు. నాటి ఆదిలాబాదు జిల్లా పవర్‌గూడలోని స్త్రీల సంఘములు కానుగనూనెవలన తగ్గు 147 టన్నుల బొగ్గుపులుసు వాయువునకుగాను 2003లో ప్రపంచబ్యాంకునుండి 645 డాలర్లు పొందెను. మొత్తము స్వల్పమే కాని, అందుకొరకు పైరు భూమిని త్యజింపవలసిన పని కలుగలేదు.

సంఘము వెంటనే యంత్రము కొనవలెనని కొందరందురు. నేనందుకు సమ్మతింపను. మెథనాలు విషము, ఇట్టే అంటుకొనును, శిక్షణ లేని చేతులలో ప్రాణాపాయము. అట్టి కర్మాగారము పలు సంఘముల సరకు చేరు జిల్లా సమాఖ్యకే తగును. గ్రామ సంఘము ముందు కొనవలసినది బ్యూరెట్టు. నూనెను సారాయిలో కరిగించి, తెలిసిన బలముగల క్షారమును ఫినాఫ్తలీను గులాబి వన్నె చూపువరకు బొట్లుబొట్లుగ విడిచినచో ఆమ్లమెంతయో తేలును. పిదప ధర మాటాడవచ్చును. గింజను బాగుగ ఎండబెట్టి, తవుటిని ఆలస్యములేక నూనెమరకు చేర్చినచో కోతయే తగ్గును. ఎంత జాగ్రత్తపడినను మిగులు కనరు నూనెకే ఘనామ్లము. శ్రద్ధలేమికి అది మందు కాదు.

కొలత మన చేతికి వచ్చిననాడు కోత బేరమగును గాని తీర్పు కాజాలదు. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులీ విషయము యోచింతురుగాక.