తాళంచెవి చేతికందితే బండి మనదేనా?

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల యువకులకు బుల్లెట్ మీద మోజు ఈనాటిది కాదు. కొత్తది కొనే స్తోమత లేనివారు తెలిసినవారి దగ్గర పాత బుల్లెట్టో, 2020లో తయారీ ఆగిపోయిన థండర్‌బర్డో, బజాజ్ అవెంజరో కొంటుంటారు. అందులో తప్పేమీ లేదు. అయితే చాయ్ హోటల్ దగ్గర బేరం కుదిరి, డబ్బు ఇచ్చి తాళంచెవి తీసుకోగానే పని ముగిసిందని చాలామంది అనుకుంటున్నారు. ఆ పొరపాటు రెండు కుటుంబాలను చిక్కుల్లో పడవేయగలదు.

ముందుగా అమ్మేవారి సంగతి చూద్దాము. 2007లో ఒకాయన అమ్మిన కారు చేతులు మారుతూ పోయింది. ఆర్.సి.లో పేరు మాత్రం ఎవరూ మార్పించలేదు. 2009లో ఆ కారు వల్ల ప్రమాదం జరిగి ఒక ప్రాణం పోయింది. 2018లో సుప్రీంకోర్టు ఏమి తీర్పు చెప్పిందో తెలుసా? రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమాని. నష్టపరిహారం బాధ్యత వారిదే. బైకుకైనా ఇదే న్యాయం వర్తిస్తుంది.

కనుక "పేరు తర్వాత మార్చుకుందాంలే అన్నా" అనే మాటకు ఇరువైపులవారూ ఒప్పుకోకూడదు. రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో రవాణా శాఖకు తెలియజేయాలి. ఇందుకు 29, 30 నంబరు ఫారాలు ఉన్నాయి. ఫైనాన్సు మీద తీసుకున్న బండి అయితే, బాకీ తీరినట్లు కంపెనీ ఇచ్చే పత్రము, ఫారం 35 అడిగి తీసుకోవాలి. యజమాని మరణించి ఉంటే, ముందుగా వారసుల పేరిట మార్పించి, ఆ తరువాతే కొనడం క్షేమం. ఇన్సూరెన్సు కూడా మన పేరిట మార్పించుకోవాలి.

ఆదిలాబాద్‌వారికి ఇంకొక మాట. పక్కనే ఉన్న చంద్రాపూర్, యవత్మాల్, నాందేడ్‌లలో ధర తక్కువని మహారాష్ట్ర బండి తెచ్చుకునేవారున్నారు. అక్కడి ఆఫీసు నుండి ఎన్.ఓ.సి. తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టాలి. ఆ ఖర్చు కలుపుకుంటే చౌక బేరం చౌకగా మిగులుతుందా? ముందే లెక్క వేసుకోండి.

ఇక బండి చూసే విధానం. ఉదయాన్నే వెళ్ళి, స్టార్టు చేయకముందే ఇంజను మీద చెయ్యి పెట్టి చూడండి. అది వేడిగా ఉంటే, చల్లటి ఇంజను స్టార్టు కావడంలోని ఇబ్బందిని దాచడానికి ముందే తిప్పి ఉంచారేమో! నీలిరంగు పొగ వస్తే ఆయిలు మండుతున్నట్లే. ఛాసిస్, ఇంజను నంబర్లను ఆర్.సి.తో సరిపోల్చండి. పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైటులో నంబరు వేసి పాత జరిమానాలు చూడండి. రిజిస్ట్రేషను 15 ఏండ్లు దాటితే రెన్యువల్ అయిందో లేదో అడగండి. నమ్మకమైన మెకానిక్కును వెంట తీసుకువెళ్ళండి.

పాత బుల్లెట్లలో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. ఇతర బండ్లకు అలవాటుపడినవారు కంగారులో బ్రేకు అనుకుని గేరు తొక్కవచ్చు. థండర్‌బర్డ్ అయితే దాదాపు 190 కిలోల బరువు. అబ్బాయి దానిని నిలబెట్టగలడా, ఆపగలడా అన్నది ఖాళీ స్థలంలో చూసుకున్నాకే మహబూబ్ ఘాట్ మలుపుల మాట.

తల్లిదండ్రులకు మా సలహా ఒక్కటే. ధర తగ్గించడానికి చూపే పట్టుదల పేరు మార్పించడంలోనూ చూపండి. సొమ్ములో కొంత భాగం పేరు మారాక ఇచ్చేటట్లు ముందే మాట్లాడి, కాగితం మీద వ్రాసుకోండి. నిజాయితీగా అమ్మేవారికి ఇది కష్టంగా తోచదు. వారికి కూడా ఇదే రక్షణ.