మైత్రీవనం దీపాలు - మన బావి మోటారు



హైదరాబాదు అమీర్‌పేటలోని మైత్రీవనం పేరు మీలో పలువురికి తెలిసియే యుండును. మన పల్లెల నుండి ఉద్యోగ పరీక్షలకును, కంప్యూటరు విద్యకును పోయిన పిల్లలు మొదట దిగునది ఆ పరిసరములలోనే. మా బావగారి కుమారుడు అక్కడ ఒక హాస్టలులో నుండి చదువుకొనుచున్నాడు. ఇటీవల పనిమీద నగరమునకు పోయినప్పుడు సాయంకాలము వానిని చూడబోతిని. కూడలిలో దీపములు పట్టపగలును మరపించుచున్నవి. మీద మెట్రో రైళ్లు, క్రింద వందలాది బోర్డులు, గదిగదికి పంకాలు. ఇంత కరెంటు ఎక్కడి నుండి వచ్చుచున్నదో అని నేననగా, మేనల్లుడు నవ్వి ఇట్లనెను: "మామా, ఈడ రూముకు సబ్‌మీటరు ఉంది. బిల్లు మేమే కట్టాలె. బయటికి పోతే ఫ్యాను బందు చేసి పోతం. ఊర్ల మా నాయిన బాయికాడ మోటరుకు మీటరే లేకపాయె."

ఆ మాట నన్ను వదలలేదు. ఏలయనగా మైత్రీవనం దీపమునకును, నల్లగొండ, మహబూబ్‌నగర్, మెదకు ప్రాంతముల బావి మోటారుకును కరెంటు పంచునది ఒకే సంస్థ, దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ. అక్కడ వెలిగినను, ఇక్కడ తిరిగినను లెక్క ఒక్కటే.

ఈ సంస్థలు సూర్యశక్తి వైపు మరలుచున్నవని పత్రికలలో చదువుచున్నాము. అది నిజమే. మైత్రీవనమునకు కొద్ది దూరమున హుస్సేన్‌సాగరు ఒడ్డున నిజాము కాలపు బొగ్గు విద్యుత్కేంద్రము ఉండెడిది. అది 1983లో మూతపడినది, 1995లో దానిని కూల్చివేసిరి. బొగ్గు విద్యుత్తుకు పేరుపడిన రామగుండములోనే 2022లో జలాశయపు నీటిమీద తేలు సూర్యఫలకములతో 100 మెగావాట్ల కేంద్రము పూర్తి అయినది. 2024లో ఆరంభమయిన సూర్యఘర్ పథకము క్రింద ఇంటి కప్పుపై 3 కిలోవాట్ల ఫలకములు పెట్టుకొనువారికి కేంద్ర ప్రభుత్వము 78,000 రూపాయల సబ్సిడీ ఇచ్చుచున్నది. ఇవన్నియు మంచివే. కాని ఫలకములు పరచినంత మాత్రమున పని పూర్తి అయినదనుకొనుట పొరపాటని నా అభిప్రాయము. ఉత్పత్తి చేసిన యూనిట్టు ఎప్పుడు, ఎంత పొదుపుగా వాడబడుచున్నది అన్నది మిగిలిన సగము. ఆ సగములో పెద్ద పాలు మన చేతిలో ఉన్నది.

ఒక లెక్క చూడుడు. ఎకరము వరికి పంటకాలమున 120 సెంటీమీటర్ల నీరు పెట్టితిమనుకొందము. ఆ నీటిని 50 మీటర్ల లోతు నుండి ఎత్తుటకు, యంత్రములో ఏ నష్టమును లేనిచో, 660 యూనిట్లు చాలును. అట్టి యంత్రము లోకములో లేదు. పంపుసెట్టు సగము శక్తిని పనికి తెచ్చినచో 1,320 యూనిట్లు పట్టును. పలుమార్లు కాలి, ఊరి మెకానిక్కు చేత వైండింగు చుట్టించుకొన్న పాత మోటారు 30 శాతమే పనికి తెచ్చినచో 2,200 యూనిట్లు కావలెను. నీరు అంతే, గింజ అంతే, 880 యూనిట్లు మాత్రము వేడియై గాలిలో కలిసినవి. ఆ వృథాను పూరించుటకు అర కిలోవాటుకు మించిన సూర్యఫలకము ఏడాది పొడుగునా ఎండలో నిలువవలెను. అదియు ఒక్క ఎకరమునకు, ఒక్క పంటకు.

ఉమ్మడి రాష్ట్రములో 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినది. ఆ తరువాతి టారిఫ్ ఉత్తర్వులు పంపుసెట్టు ఎట్లుండవలెనో చెప్పినవి: ఐ.ఎస్.ఐ. ముద్రగల మోటారు, రాపిడి లేని ఫుట్‌వాల్వు, ప్లాస్టిక్కు గొట్టములు, తగిన కెపాసిటరు. మునుగు మోటారుకు ఫుట్‌వాల్వు పని లేదు, కాని కెపాసిటరు మాత్రము ఏ మోటారుకైనను ఉండవలసినదే. 3 అశ్వశక్తులకు 1, 5 అశ్వశక్తులకు 2, ఏడున్నరకు 3 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు అమర్చవలెను. ఉచితము జ్ఞాపకమున్నది, షరతు మరచితిమి. తనిఖీ చేయవలసినవారును మరచిరి, అందులో నా వంటి ఉద్యోగుల పాలును లేకపోలేదు. కెపాసిటరు లేని మోటారు తీగల నుండి అనవసరముగా ఎక్కువ కరెంటు లాగును. లైను వేడెక్కును, చివరి బావివానికి వోల్టేజి అందదు, నడి వేసవిలో ట్రాన్స్‌ఫార్మరు కాలును. పొట్టకు వచ్చిన పైరును చూచుకొనుచు నాలుగు దినములు ట్రాన్స్‌ఫార్మరు కొరకు ఎదురుచూచిన వానికి ఈ మాట వివరింపనక్కరలేదు.

ఇక వేళ సంగతి. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఆరంభమయినది. అంతకు ముందు కరెంటు ఏ అర్ధరాత్రియో వచ్చెడిది. చీకటిలో బావికాడికి పోయి పాముకాటుకో, షాకుకో గురియైన వారి కథలు ప్రతి ఊరిలో ఉన్నవి. ఆ బాధ పడలేకనే ఆటోస్టార్టరు పెట్టుకొంటిమి. దానిని నేను తప్పుపట్టను. కాని కరెంటు ఎప్పుడును ఉన్నప్పుడు ఆటోస్టార్టరుతో ఏమి పని? యజమాని నిద్రపోవుచుండగా మోటారు తిరుగును, మడి నిండి గట్టు పొర్లును, బోరు అడుగంటును. మా బావగారి బావికాడను ఇదే వరుస. చెప్పిచూచితిని, నవ్వి ఊరకుండెను.

సూర్యఫలకము ఉదయము పది మొదలు సాయంత్రము నాలుగు వరకు బాగుగా పనిచేయును. మైత్రీవనపు దీపములు వెలుగువేళకు దాని పని ముగియును. అప్పటి అవసరమునకు బొగ్గయినను కాల్చవలెను, జలాశయము నీరయినను వదలవలెను. నాగార్జునసాగరులోను, శ్రీశైలము ఎడమగట్టునను నీటిని తిరిగి పైకి ఎత్తగల యంత్రములున్నవి. అయితే నాలుగు యూనిట్లు పెట్టి ఎత్తిన నీరు తిరిగి మూడింటికి కొంచెము పైగా మాత్రమే ఇచ్చును. అదే పగటి కరెంటును బావి మోటారు పగలే వాడుకొన్నచో ఆ నష్టము లేదు. నీటిని మడిలో నిలుపవచ్చును, కరెంటును నిలుపుట కష్టము. కావున పది నుండి నాలుగు లోపల తడి పెట్టుకొని, సాయంత్రము ఆరు మొదలు పది వరకు మోటారు ఆపుట రైతుకు నష్టము కాదు.

2019 నాటి కుసుమ్ పథకములో సబ్‌స్టేషనుకు దగ్గరనున్న బీడు భూములలో 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వరకు సూర్యకేంద్రములకు వీలున్నది. మెగావాటుకు నాలుగైదు ఎకరములు పట్టును. పంచాయతీ కార్యదర్శులకు నా మనవి ఒక్కటే: అట్టి ప్రతిపాదన వచ్చినప్పుడు రాళ్ల బీడునే చూపుడు. రెండు పంటలు పండు నేలను ఫలకములకు ఇచ్చుట నా కంటికి ఇంపుగా లేదు. కౌలు ఎంత వచ్చినను సరే.

యాసంగి నారు పోయుటకు ముందు విస్తరణాధికారిని, లైన్‌మెన్‌ను కలిసి ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది మోటారులన్నియు ఒకేసారి చూపించుకొనుడు. ఒక్కడు కెపాసిటరు పెట్టి పదిమంది మానినచో ట్రాన్స్‌ఫార్మరు నిలువదు. దాని వెల మోటారు ఒకసారి కాలినప్పుడు వైండింగుకు ఇచ్చు దానిలో కొద్ది పాలు మాత్రమే. స్విచ్చి పెట్టె తెరచునది లైన్‌మెన్, మీరు కాదు.