పది రోజుల మౌనం

యెరూషలేము కూలిపోయింది. బబులోను రాజు నియమించిన అధిపతి గెదల్యాను యూదులే చంపేశారు. ఇక బబులోను సైన్యం వచ్చి ఏం చేస్తుందోనన్న భయంతో, మిగిలిన కొద్దిమంది జనం ఐగుప్తుకు పారిపోవాలని బేత్లెహేము దగ్గర బస చేశారు. బయల్దేరే ముందు యిర్మీయా ప్రవక్త దగ్గరకు వెళ్లి, తాము ఏ దారిన పోవాలో దేవుణ్ణి అడిగి చెప్పమని బతిమాలారు. జవాబు తమకు నచ్చినా నచ్చకపోయినా లోబడతామని మాట కూడా ఇచ్చారు. యిర్మీయా ప్రార్థించాడు. దేవుని జవాబు పది రోజుల తర్వాత గాని రాలేదు (యిర్మీయా 42:7).

ఆ పది రోజులూ ప్రవక్త ఏం చేశాడో బైబిలు చెప్పదు. వెనక శత్రువు తరుముతాడన్న భయమున్నవాళ్లు రోజుకు నాలుగుసార్లయినా వచ్చి అడిగి ఉంటారు. దాదాపు నలభై ఏళ్ల సేవానుభవం ఉన్నవాడు యిర్మీయా. ఐగుప్తు మీద ఆయనకు సొంత అభిప్రాయం లేకపోలేదు. దాన్నే దేవుని మాటగా చెప్పినా ఆ పూట నమ్మేవారు. కానీ ఆయన నోరు విప్పలేదు. తెలియని సంగతి తెలియనట్టే ఉంచాడు.

మేము మాత్రం పది నిమిషాలు కూడా ఆగలేకపోయాం.

మా సంఘంలో ఒక అమ్మాయి హైదరాబాదులో ఇంగ్లిష్ సాహిత్యంలో ఎంఏ చేసింది. అదే సాహిత్యంలో పీహెచ్‌డీ కోసం డిసెంబరులో అమెరికాలోని ఎనిమిది యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టుకుంది. కంప్యూటర్లు చదవొచ్చుగా, ఇంగ్లిష్ చదవడానికి అంత దూరం ఎందుకని సంఘంలో గొణిగినవారున్నారు. హెబ్రీ, గ్రీకు వ్యాకరణాలతో సెమినరీలో ఏళ్ల తరబడి కుస్తీపట్టిన మాకు ఆ ప్రశ్న ఎప్పుడూ అర్థం కాలేదు. సరే, అది వేరే సంగతి. ఒక్కో దరఖాస్తుకు వంద డాలర్లకు అటూ ఇటూగా ఫీజు. ముగ్గురు ప్రొఫెసర్ల సిఫారసు లేఖలు కావాలి. ఇరవై పేజీల వ్యాసం కావాలి. ఆర్టీసీలో పనిచేసే తండ్రి ఫీజుల కోసం చీటీ పాడాడు.

ఆ తర్వాత ఇక చేయవలసిందేమీ ఉండదు. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. జవాబులు ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. అక్కడి ఆఫీసులు తెరిచేసరికి మనకు రాత్రవుతుంది గనుక ఆ పిల్ల రాత్రంతా ఫోను చూస్తూ కూర్చునేది. చాలా విభాగాలు వందల దరఖాస్తుల్లోంచి పదిమందిని కూడా తీసుకోవు. ఎందుకంటే తీసుకున్న ప్రతి ఒక్కరికీ ఐదారేళ్లపాటు ఫీజు మాఫీ చేసి, జీతం లాంటిది కూడా ఇవ్వాలి. బోస్టన్ యూనివర్సిటీ అయితే 2025-26 సంవత్సరానికి ఇంగ్లిష్‌తో సహా పన్నెండు సబ్జెక్టుల్లో పీహెచ్‌డీ ప్రవేశాలే ఆపేస్తున్నట్టు 2024 నవంబరులో ప్రకటించింది. తట్టేవారి విశ్వాసంతో గాని యోగ్యతతో గాని ఏ సంబంధమూ లేకుండానే కొన్ని తలుపులు మూసుకుంటాయన్నమాట.

ఇదేదీ తెలుసుకోకుండానే మేము నోరు జారాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు పంచే ఆనవాయితీ మనకుంది కదా! ఆ అమ్మాయికి యిర్మీయా 29:11 వచ్చింది. మేలైన భవిష్యత్తును, నిరీక్షణను గూర్చిన ఆ మాట మన ఇళ్ల గోడల మీద లేని క్యాలెండరుండదు. మేము ఉత్సాహం పట్టలేక ఆమెను ముందుకు పిలిచి, దేవుడు నీకు సీటు ఇచ్చేశాడు, సాక్ష్యం సిద్ధం చేసుకోమని మైకులో చెప్పాం. చర్చి అంతా ఆమెన్ అంది.

ఫిబ్రవరి ముగిసేలోగా ఐదు యూనివర్సిటీలు కాదన్నాయి. మూడు ఆదివారాలు ఆ అమ్మాయి ఆరాధనకు రాలేదు. ఇంటికి వెళ్లి, ఏమ్మా రావడం లేదేమని అడిగాం.

"వస్తే అందరూ అడుగుతారు అయ్యగారూ. ఇంకా తెలియలేదంటే విశ్వాసం ఉంచమంటారు. ఐదు చోట్ల పోయిందంటే నాకు విశ్వాసం లేదనుకుంటారు" అంది. కాసేపాగి, "ఆ రాత్రి చెప్పింది దేవుడా అయ్యగారూ, మీరా?" అని అడిగింది.

ముప్పై ఏళ్ల పరిచర్యలో మమ్మల్ని ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. వాళ్లమ్మ కంగారుపడి కాఫీ తేవడానికి లేచింది. "మేమేనమ్మా చెప్పింది" అన్నాం. అంతకుమించి మాట రాలేదు.

ఇంటికొచ్చి యిర్మీయా 29వ అధ్యాయం మళ్లీ చదివాం. వాగ్దాన కార్డు మీద పదకొండో వచనం ఉంటుంది గాని పదో వచనం ఉండదు. అందులో డెబ్బయి ఏళ్ల లెక్క ఉంది. బబులోను చెరలో ఆ ఉత్తరం చదివించుకున్న పెద్దల్లో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే కన్నుమూసి ఉంటారు. వారిని ఇళ్లు కట్టుకుని, తోటలు నాటుకుని బతకమన్నాడు దేవుడు. ఆ ముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో జనమందరి ముందు నిలబడి, రెండేళ్లలో అన్నీ తిరిగొస్తాయని ప్రకటించాడు. వినడానికి ఎంత బాగుంది! యిర్మీయా కూడా ముందు ఆమెన్ అనే అన్నాడు. కానీ దేవుడు హనన్యాను పంపలేదు. డిసెంబరు 31 రాత్రి మైకు పట్టుకున్నది ఈ ఇద్దరిలో ఎవరి వారసుడో మాకు అర్థమైంది.

మన సాక్ష్యాల కార్యక్రమాన్ని కూడా ఒకసారి చూసుకోవాలి. వీసా వచ్చినవారు లేస్తారు, ఉద్యోగం వచ్చినవారు లేస్తారు, చప్పట్లు కొడతాం. రానివారు ఏ వరుసలో కూర్చుంటారు? ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకుంటే తీయనన్న జవాబే వచ్చింది. ఆయన ఆ సంగతిని దాచకుండా కొరింథు సంఘానికి రాశాడు. అలాంటి ఉత్తరం ఇవాళ మన చర్చిలో ఎవరైనా చదువుతామంటే సమయం లేదంటామేమో!

ఆ అమ్మాయి రాసిన ఇరవై పేజీల వ్యాసం జార్జ్ హెర్బర్ట్ అనే కవి మీద. కేంబ్రిడ్జి యూనివర్సిటీ తరఫున ప్రసంగించే గొప్ప పదవి చేసినవాడు, పార్లమెంటు సభ్యుడు. రాజాస్థానంలో పెద్ద కొలువు కోసం ఆశపడ్డాడని, 1625లో రాజు చనిపోవడంతో ఆ ఆశ అడుగంటిందని ఆయన జీవిత చరిత్ర రాసిన ఐజాక్ వాల్టన్ అంటాడు. 1630లో బెమర్టన్ అనే పల్లెలో పాదిరి అయ్యాడు. ఇది వినగానే మాకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా అమ్మా, ఆ తలుపు మూసి దేవుడు ఈ తలుపు తెరిచాడు" అన్నాం.

"మూడేళ్లకే చనిపోయాడు అయ్యగారూ, ముప్పై తొమ్మిదేళ్లకు. తన కవితల పుస్తకం అచ్చయింది కూడా చూడలేదు" అంది ఆ పిల్ల.

అలవాటు అంత తొందరగా పోదు మరి!

అయితే ఆమే ఇంకో సంగతి చెప్పింది. హెర్బర్ట్ మంచాన పడి ఆ రాతప్రతిని ఒక మిత్రుడికి పంపుతూ, కుంగిపోయిన ఏ ప్రాణానికైనా ఉపయోగపడుతుందనిపిస్తే అచ్చువేయమని, లేదంటే కాల్చేయమని కబురు పెట్టాడట. జవాబు తెలియకుండానే వెళ్లిపోయాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమె ముఖంలో, చాలా రోజుల తర్వాత, వెలుగు చూశాం. వాళ్ల నాన్న కూడా గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు.

సీటు వచ్చిన విద్యార్థులు తమ నిర్ణయం చెప్పడానికి అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా గడువిస్తాయి. వారిలో ఎవరైనా వద్దనుకుంటేనే వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి పిలుపొస్తుంది. అందుకని అప్పటిదాకా ఆమె కోసం ప్రార్థించాలని సంఘ పెద్దలతో కలిసి నిర్ణయించాం. మైకులో కాదు, పేరు చెప్పి కూడా కాదు. సీటు ఇవ్వమని అడుగుతాం, దాపరికం లేకుండా అడుగుతాం. ఇస్తాడని ఆయన బదులు మేము చెప్పం.

మొన్న ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది. సండేస్కూలు పిల్లలకు యోనా కథ చెప్పి, చివర్లో వాళ్లతో చేప బొమ్మలు వేయించింది. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర చేయి కలిపినప్పుడు మేము ఏమీ అడగలేదు.

"ఇంకా మూడున్నాయి అయ్యగారూ" అని ఆమే చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్లింది.