బొమ్మ మీది, హీరో ఎవరిది?

1938 మార్చిలో క్లీవ్‌లాండ్‌కు చెందిన ఇద్దరు ఇరవై మూడేళ్ల కుర్రాళ్లు 130 డాలర్లు తీసుకుని ఒక కాగితం మీద సంతకం చేశారు. ఒకరు కథ రాసిన జెర్రీ సీగెల్, ఇంకొకరు బొమ్మలు గీసిన జో షుస్టర్. ఆ కాగితంతో వాళ్లు అమ్మేసింది సూపర్‌మ్యాన్‌ను. పదమూడు పేజీల కథకు పేజీకి పది డాలర్ల లెక్క. తర్వాత కోర్టుల చుట్టూ తిరిగి, 1975లో గానీ ఏడాదికి 20 వేల డాలర్ల పింఛనూ, బొమ్మ కింద తమ పేర్లూ సంపాదించుకోలేకపోయారు.

పోర్ట్‌బ్లెయిర్‌లో కూచుని కామిక్స్ పోటీకి పెన్సిల్ చెక్కుకుంటున్న తెలుగు పిల్లలకు ఈ పాత కథ ఇప్పుడే ఎక్కువ అవసరం. ఎందుకంటే ఒకప్పటి అడ్డంకులు తొలగిపోయాయి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యేదాకా అండమాన్ ఇంటర్నెట్ ఉపగ్రహాల మీదే నెట్టుకొచ్చింది. ఇరవై పేజీల బొమ్మలు స్కాన్ చేసి పంపడమంటే రాత్రంతా జాగారమే. ఇప్పుడు లాస్‌ఏంజెలెస్‌కైనా టోక్యోకైనా టీ తాగేలోపు వెళ్లిపోతాయి. (ఊరి పేరు కూడా 2024లో శ్రీవిజయపురంగా మారింది. పాత పేరు నాలుక మీంచి అంత తేలిగ్గా పోదు లెండి.) బొమ్మలు తేలిగ్గా వెళ్లిపోతున్నప్పుడే వాటితోపాటు ఇంకేం వెళ్లిపోతోందో చూసుకోవాలి.

పోటీలన్నీ ఒక రకం కాదు. అమెరికాలో విచ్‌బ్లేడ్, ది డార్క్‌నెస్ కామిక్స్ వేసే టాప్ కౌ సంస్థ 2012లో ‘టాలెంట్ హంట్’ ప్రకటించింది. రచయితలకు వేరు, చిత్రకారులకు వేరు. గెలిస్తే ఆ సంస్థలో జీతం ముట్టే పని. అయితే రాయాల్సింది ఆ సంస్థ పాత్రలతోనే. అంటే అది పోటీ పేరుతో జరిగే ఉద్యోగ పరీక్ష. అందులో తప్పేమీ లేదు. వాళ్ల హీరో వాళ్లదే కదా. అలాంటి చోటికి మీ చేతివాటం చూపించడానికి వెళ్లండి. పరీక్ష రాయడానికి వెళ్లి ఇంటి దస్తావేజులు కూడా ఇచ్చి రానక్కర్లేదు. అమ్మమ్మ చెప్పిన దీవి కథను, మీరే పుట్టించిన పాత్రను విచ్‌బ్లేడ్ పక్కన నిలబెట్టి పంపితే, రేపు అది ఎవరిదన్న ప్రశ్నకు జవాబు మీరు చదవకుండా సంతకం పెట్టిన ఫారంలో ఉంటుంది.

మన చట్టం ఈ విషయంలో కళాకారుడి పక్షమే. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సొంతంగా గీసినదానికి మొదటి హక్కుదారు గీసినవారే. హక్కు ఇంకొకరికి పోవాలంటే రాతపూర్వకంగా, సంతకంతో పోవాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే, ఏ దేశానికో రాయకపోతే భారతదేశానికే పరిమితం. హక్కులన్నీ అమ్మేసినా ఇది నేను గీశానని చెప్పుకునే హక్కు మాత్రం మిగులుతుంది. పద్దెనిమిదేళ్లు నిండనివారి సంతకం ఒప్పందంగా చెల్లదు, పెద్దవాళ్లు పెట్టాల్సిందే. కానీ విదేశీ సంస్థ ఫారంలో తగాదా ఏ దేశపు చట్టం కింద తేలాలో కూడా రాసి ఉండొచ్చు. బహుమతి మొత్తం ఎంతో పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. మన కళ్లు పెట్టాల్సింది చిన్న అక్షరాల మీద.

ఇంత జాగ్రత్త ఎందుకంటే అండమాన్ పిల్లల దగ్గర ఉన్న సరుకు మామూలుది కాదు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా చెప్పారు, అంటే సుమారు 50 వేల మంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకూ, కూలికీ వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు బోలెడు. సెల్యులార్ జైలు కథల్లో మనకు వినిపించే పేర్లు కొన్నే. 1922-24 రంప తిరుగుబాటులో అల్లూరి సీతారామరాజు వెంట నడిచి ద్వీపాంతరం పోయినవాళ్లు, 1933 కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి బొమ్మల కథల్లోకి రావద్దూ? బుజ్జాయి ‘డుంబు’ చదివి పెరిగిన తరం ఎంత సంతోషిస్తుందో!

బయటివాళ్లు ఈ దీవుల్ని ఎలా గీశారో కూడా చూడాలి. 1890లో కానన్ డాయిల్ ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో టోంగా అనే అండమానీని సృష్టించి, చేతికి విషపు ముల్లు ఊదే గొట్టం ఇచ్చాడు. నిజానికి అండమానీల ఆయుధం విల్లూ బాణం. ఆ ఒక్క అబద్ధాన్ని సరిదిద్దడానికైనా అక్కడి నుంచి ఒక కామిక్ రావాలి.

నన్నడిగితే దూధ్‌నాథ్ తివారీ కథ తీసుకోమంటాను. 1857 తిరుగుబాటు సిపాయి. 1858లో ఖైదీగా వచ్చి కొద్దిరోజులకే మరికొందరితో పారిపోయాడు. అడవిలో అండమానీల బాణాలకు తోటివాళ్లు చచ్చారు, గాయాలతో ఇతను బతికాడు. ఏడాదిపాటు వాళ్లతోనే ఉండి, వాళ్ల పిల్లనే పెళ్లాడాడు. 1859 మేలో వాళ్లు దాడికి వస్తున్నారని ముందే పరుగెత్తుకొచ్చి బ్రిటిష్ వాళ్లకు చెప్పేశాడు. అదే అబర్డీన్ యుద్ధం. తివారీకి క్షమాభిక్ష దొరికింది. ఇప్పుడు కూరగాయలు కొనుక్కునే అబర్డీన్ బజారుకు ఆనుకునే ఇదంతా జరిగింది. ఇతను హీరోనా, ద్రోహా? విడిచిపెట్టి వచ్చిన భార్య వైపు నుంచి గీస్తే ఎలా ఉంటుంది?

దీన్ని పంపడానికి తగిన పోటీ జపాన్‌లో పుట్టింది. కోమిక్స్ అనే సంస్థ 2013 ప్రాంతంలో మొదలుపెట్టిన ‘సైలెంట్ మాంగా ఆడిషన్’లో పాత్రలు మాట్లాడకూడదు. కథంతా బొమ్మల్లోనే నడవాలి. పాత్రలు మీవే. ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, బజార్లో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషుగా పెరిగిన పిల్లలకు ఏ భాషలో రాయాలన్న బెంగ ఉండదు. పైగా తివారీ అడవిలో అడుగుపెట్టిన రోజున అతనికీ, అతన్ని చంపకుండా వదిలేసిన వాళ్లకూ మధ్య ఒక్క ఉమ్మడి మాట కూడా లేదు.