కార్ల పందెములు - ప్రజాధనము

సామాన్య మార్గములను మూసి నడపు ప్రపంచ ర్యాలీ పోటీలకు 2025వ సంవత్సరమున పదునాలుగు ఘట్టములు ఏర్పడెను. పెరాగ్వే, సౌదీ అరేబియాలు నూతనముగా జేరినవి. ఆ పోటీలకు ఫోర్డు కార్లను సిద్ధపఱచు ఎం-స్పోర్టువారి కర్మాగారము ఇంగ్లండులోనే యున్నది. అయినను 2019 వేల్సు ర్యాలీ పిమ్మట ఆ సంవత్సరమువఱకు బ్రిటనునకు పట్టికలో చోటు దొరకలేదు. కార్లు చేయుట వేఱు, పందెము దెచ్చుకొనుట వేఱు. కంపెనీలు తమ సరకునకు గిరాకి గల దేశములను కోరును. నిర్వాహకులు ధనమిచ్చు ప్రభుత్వములను వెదకుదురు.

ఈ రెండవ మార్గము మనకు క్రొత్త గాదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేనుసాగరు తీరమున ఫార్ములా-ఇ యను విద్యుత్కార్ల ప్రపంచపోటీ జరిగెను. మఱుసటి యేట జరుగవలసినది, ప్రభుత్వము మాఱిన పిమ్మట, రద్దయ్యెను. చెల్లించిన సొమ్మునుగూర్చి 2024 డిసెంబరున అవినీతి నిరోధకశాఖవారు కేసు పెట్టిరి. తప్పొప్పులు న్యాయస్థానము తేల్చవలసినవి. ఇట్టి ఒడంబడికలను మాత్రము పైకము చెల్లింపక మునుపే శాసనసభ యెదుట నుంచవలయునని మా యభిప్రాయము.

2025లో ర్యాలీయందు పాల్గొన్న హ్యుండాయి కూటమిలోనిదే కియా. అది 2019 నుండి పెనుకొండలో కార్లు చేయుచున్నది. అచ్చట ఏడాది పొడవునను పని. పందెమన్ననో, ఒకనాటి సంబరము. రేపు విశాఖకో అమరావతికో ఇట్టి పందెమును దెచ్చెదమని యెవరేని యన్నచో, కాలువగట్టున కొబ్బరికాయలు తోలుకొను మామిడికుదురు రైతు ఆ పద్దును ముందుగా జూపుమనుట తప్పగునా?